ఖాళీ చేయించి తీసిన చర్చి

2023 ఫిబ్రవరి. మాఘమాసం, పెళ్లి ముహూర్తాలు ముమ్మరంగా ఉన్న రోజులు. తిరుపతి రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో మా నాయన పెట్టిన ఫొటో స్టూడియోను నేను నడుపుతున్నాను. పెళ్లిళ్లే మాకు తిండి పెట్టేవి. అయితే నాకు ఇష్టమైన పని ఇంకొకటి ఉంది, కట్టడాల ఫొటోలు తీయడం. కొత్త లాడ్జి కట్టినవాళ్లూ ఆసుపత్రి కట్టినవాళ్లూ బ్రోచర్ కోసం నన్ను పిలుస్తారు. గోడలు కళ్లు మూయవు, మేకప్ బాగా లేదని అలగవు, పెళ్లివాళ్లతో పోలిస్తే ఈ పనిలో తలనొప్పి తక్కువ అని నలుగురితో చెప్పుకునేవాణ్ని. ఆ గొప్ప ఎక్కువ కాలం నిలవలేదు.

ఆ నెలలోనే చక్రపాణి గారు మా స్టూడియోకు వచ్చారు. హైదరాబాదు మనిషి, ఖరీదైన బొమ్మల పుస్తకాలు వేస్తారు. ఇంగ్లండులో ఉద్యోగం చేసిన రోజుల్లో సెలవు దొరికితే చాలు, కారు వేసుకుని పల్లెల్లో పాత చర్చీలు చూస్తూ, ఫొటోలు తీసుకుంటూ తిరిగేవారట. ల్యాప్‌టాప్ తెరిచి ఆ ఫొటోలు చూపించారు. నిజం చెప్పాలి, ముచ్చటేసింది. నాచు పట్టిన రాతిగోడలు, పొట్టిగా నలుచదరంగా ఉన్న గంట గోపురం, గడ్డిలో ఒరిగిపోయిన సమాధి రాళ్లు, లోపల వరసగా చెక్క బెంచీలు. ఒక్క ఫొటోలోనూ మనిషన్నవాడు లేడు.

"ఆ ఊళ్లలో జనం ఉండరా సార్?" అని అడిగాను.

"ఉంటారు. ఆదివారం ఓ పదిమంది ముసలివాళ్లు వస్తారు. మిగతా రోజుల్లో తలుపు తీసే ఉంటుంది, లోపల ఎవరూ ఉండరు. ఆ నిశ్శబ్దమే అందం," అన్నారాయన.

దొరల కాలంలో అలాంటి చర్చీల నమూనాలోనే మన వైపు కూడా కొన్ని కట్టారు. వాటన్నిటితో ఒక పుస్తకం వేస్తున్నారు. చిత్తూరు వైపు ఉన్న చర్చిని తీసే పని నాకు ఇచ్చారు. పాకాల దాటి కొంత దూరం పోతే మామిడి తోటల మధ్య ఒక చిన్న ఊళ్లో ఉంది అది. ఊరి పేరు రాయను. వాళ్లకు ఇప్పటికే కావలసినంత పేరు వచ్చింది.

గురువారం రెక్కీకి వెళ్లాను. రెక్కీ అంటే షూటింగుకు ముందు ఒకసారి వెళ్లి, వెలుతురు ఎటు నుంచి పడుతుంది, కెమెరా ఎక్కడ నిలపాలి అని చూసుకోవడం. చర్చి నిజంగానే ఇంగ్లండు నుంచి ఎత్తుకొచ్చి మన ఎర్రమట్టిలో దించినట్టు ఉంది. చెక్కిన రాతి గోడలు, పైన కొసదేరిన కిటికీలు, తలుపు ముందు చిన్న వసారా, చుట్టూ సమాధులు. లోపలికి పోతే మాత్రం మన ఊరే. ముందర రెండు వరసలు బెంచీలు, మిగతాదంతా చాపలు. ట్యూబులైట్లు, రంగు కాగితాల తోరణాలు, క్రిస్మస్‌కు కట్టి ఇంకా విప్పని నక్షత్రం.

సంఘ పెద్ద దేవదానం నాకు అన్నీ తిప్పి చూపించాడు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. పాస్టరు గారికి చాలా ఊళ్లు ఉండటంతో నెలకు ఒకటి రెండుసార్లే వస్తారు, మిగతా ఆదివారాలు ఇతనే నడిపిస్తాడు. స్త్రీల సమాజానికి పెద్ద సుందరమ్మ. తోటల్లో కూలికి పోతుంది. వాళ్లిద్దరూ నాకు మొదట చూపించింది కిటికీలు కాదు, కప్పు. పెంకులు జారిపోయి అక్కడక్కడా ఆకాశం కనిపిస్తోంది.

"వానొస్తే గొడుగు పట్టుకోని వాక్యం ఇంటామప్పా," అన్నాడు దేవదానం. "మేమే చందా ఏసుకోని బాగు చేసుకుంటామంటే ఆఫీసోళ్లు ఒప్పుకోరు. వాళ్లూ చెయ్యరు."

చర్చి ఆస్తులు చూసుకునే కార్యాలయం చిత్తూరులో ఉంది. అక్కడి నుంచి అనుమతి రానిదే పెంకు కూడా మార్చకూడదట.

శనివారం సాయంత్రం చక్రపాణి గారితో కలిసి వెళ్లేసరికి చర్చి పెళ్లి పందిరిలా ఉంది. మరుసటి రోజు కోత పండగ. పండిన దాంట్లో మొదటిది తెచ్చి గుడిలో పెడతారు. వాళ్లు చర్చిని గుడి అనే అంటారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు, ఊళ్లోని హిందువులు కూడా వచ్చి పాడుకుంటారు. స్తంభాలకు చెరకు గడలు కట్టి ఉన్నాయి. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, టమాటాలు, వేరుశనగ కట్టలు, వరి వెన్నులు. బెంచీ కాలికి ఒక పుంజు కట్టేసి ఉంది.

చక్రపాణి గారు గుమ్మంలోనే నిలబడిపోయారు. "ఇదంతా ఏమిటి?"

"రేపు మా పండగ సార్," అన్నాడు దేవదానం సంబరంగా.

"తీయించండి. చాపలు, లైట్లు, ఆ కాగితాలు, అన్నీ. నాకు ఈ చర్చి కట్టిన రోజున ఎలా ఉండేదో అలా కావాలి."

కట్టిన రోజున ఈయన చూసినట్టు. నేను కలగజేసుకుని, తెల్లవారగానే జనం రాకముందే ఫొటో తీసేద్దాం సార్ అన్నాను. తూర్పున గుట్ట అడ్డం ఉంది, ఎనిమిది దాటితే గాని ఎండ బలిపీఠం వెనక కిటికీకి ఎక్కదు, నాకు ఆ ఎండే కావాలి అన్నారు. పోనీ సోమవారం తీద్దాం అన్నాను. సోమవారం ఇంకో ఊళ్లో పని పెట్టుకున్నారట. ఖాళీ గదుల ఫొటోలు నాకు కొత్త కాదు. ఏ లాడ్జి బ్రోచర్‌లో అయినా గదిని ఖాళీగానే చూపిస్తాం. కానీ లాడ్జి గదిలో పండగ జరుగుతుంటే పండగను బయటికి గెంటమని ఇంతవరకూ ఎవరూ నన్ను అడగలేదు.

నేను ససేమిరా అనేలోపు ఆయన దేవదానం భుజం మీద చెయ్యి వేశారు. "పెద్దాయనా, ఈ పుస్తకం చూసేవాళ్లలో దాతలు ఉంటారు. పాత కట్టడాలకు సాయం చేసే సంస్థలు ఉన్నాయి. మీ కప్పు గురించి నేనే వాళ్లకు రాస్తాను. మీరు ఒక్క పూట సహకరించండి, చాలు."

దేవదానం నన్ను పక్కకు పిలిచాడు. "ఏమప్పా, నిజంగా వస్తాదంటావా?"

"ఆయన మాట ఆయనది. నాకు తెలీదన్నా."

"కప్పు బాగుపడితే అంతే సాలు. ఒగ పండగ బయట జేసుకుంటే దేవుడేమీ అనుకోడు లే. నువ్వు తియ్యి."

"దేవుడు అనుకోడు. నేననుకుంటా," అంది సుందరమ్మ. అంటూనే చెరకు గడల కట్లు విప్పడం మొదలుపెట్టింది.

ఆదివారం పొద్దున చర్చి ముందు షామియానా వేశారు. అది సగం మందికే నీడనిచ్చింది, మిగతావాళ్లు ఎండలో కూర్చుని పాటలు పాడుతున్నారు. లోపల మేమిద్దరం. టిల్ట్-షిఫ్ట్ అనే లెన్సు పెట్టాను. ఎత్తైన గోడలను మామూలు లెన్సుతో తీస్తే వెనక్కి వాలినట్టు కనిపిస్తాయి, ఇది వాటిని నిటారుగా నిలబెడుతుంది. కిటికీ ఎండకూ మూలల చీకటికీ పొత్తు కుదరాలంటే బ్రాకెటింగ్ చేయాలి, అంటే ఒకే దృశ్యాన్ని ఎక్కువ వెలుతురులో, తక్కువ వెలుతురులో తీసి తర్వాత కలపాలి. ఎండ కిరణాలు విడివిడిగా కనబడటానికి చక్రపాణి గారు పొగ కావాలన్నారు. సుందరమ్మ ఇంటి నుంచే సాంబ్రాణి తెప్పించారు. గుమ్మంలో చెప్పుల గుట్ట ఫ్రేములోకి వస్తోందని దాన్నీ తీయించారు. వాళ్లు చెప్పులు ఎండలో పెట్టుకున్నారు.

గోడకు ఒక ఇత్తడి పలక ఉంది. జ్వరంతో ఇక్కడే చనిపోయిన ఒక దొరసాని పేరు దాని మీద చెక్కి ఉంది. చక్రపాణి గారు జేబులోంచి చేతిరుమాలు తీసి, ఆ పలకను ఎంతో ప్రేమగా తానే తుడిచారు. ఎప్పుడో పోయిన ఆ మహాతల్లి మీద నాకేం కోపం లేదు. కానీ బయట బతికున్న ఆడవాళ్లు చంటిపిల్లల నెత్తిన కొంగు కప్పుకుని ఎండలో ఉన్నారు. వాళ్ల వైపు ఈయన ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. నాకు ఒళ్లు మండింది.

పని ముగించి, ఆయనను కారెక్కించి, నేను ఉండిపోయాను. వేలం మొదలైంది. సుందరమ్మ తెచ్చిన గుమ్మడికాయను ఊళ్లో మామిడి తోటలున్న మునిరత్నం నాయుడు పాడాడు. అది కోసి వండుకోవడానికి కాదు, పాట పెంచడానికే. ఒకసారి పాడినవాడు మళ్లీ గుడికే ఇచ్చేస్తాడు, ఇంకొకరు పాడతారు. "నాయుడా, ఏడేడూ పాడతావు, ఒగ కాయన్నా మీ ఇంటికి చేరిందా," అని దేవదానం ఎగతాళి చేస్తే జనం గొల్లుమన్నారు. అవన్నీ తీశాను. లోపలివీ బయటివీ కలిపి చక్రపాణి గారికి పంపించాను.

వానాకాలంలో పుస్తకం కొరియర్‌లో వచ్చింది. అచ్చు అద్భుతంగా ఉంది. రెండు పేజీలకూ పరిచి నేను తీసిన ఫొటో వేశారు. మురిసిపోతూ కింద రాసిన కాప్షన్ చదివాను. "భక్తులు ఎన్నడో విడిచి వెళ్లిన ఈ చర్చిలో ఇప్పుడు ప్రార్థించేది వెలుతురు ఒక్కటే."

వెంటనే ఫోన్ చేశాను. "భక్తులు విడిచి వెళ్లలేదు సార్. మీరే బయట కూర్చోబెట్టారు."

ఆయన నవ్వారు. "మీరు దాన్ని మరీ అక్షరాలా తీసుకుంటున్నారు. పాఠకుడికి ఒక మూడ్ ఇవ్వాలి కదా."

"మీ మూడ్ కోసం ఒక ఊరినే లేకుండా చేస్తారా? వాళ్ల పండగ ఫొటోలు కూడా పంపాను, ఒక్కటి వేసుంటే సరిపోయేది."

"అవి ఈ పుస్తకం స్వభావానికి కుదరవండీ."

కప్పు సంగతి అడిగాను. కొన్ని సంస్థలకు కాపీలు పంపాం, చూద్దాం అన్నారు. అంటే ఇక చూడక్కర్లేదని నాకు అర్థమైంది.

అక్కడితో అయిపోయి ఉంటే ఇంత రాసేవాణ్ని కాదు. డిసెంబరులో మా ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులోకి ఒక మెసేజ్ వచ్చింది. పెళ్లికి ముందు జంటను అందమైన చోట్లకు తీసుకెళ్లి ఫొటోలు తీయడాన్ని ప్రీ-వెడ్డింగ్ షూట్ అంటాం. అలాంటి చోట్లను అద్దెకిచ్చే ఒక ఈవెంట్స్ కంపెనీ పంపిన మెసేజ్ అది. "కొత్త లొకేషన్. పాకాల దగ్గర. పక్కా ఇంగ్లండు లుక్. జనం డిస్టర్బెన్స్ ఉండదు." కింద నేను తీసిన ఆ చర్చి ఫొటో. అరికాలి మంట నెత్తికెక్కింది. బండి తీసి నేరుగా ఆ ఊరికి పోయాను.

తలుపుకు కొత్త తాళం. వసారాలో చాప పరిచి ఆదివారం ఆరాధన అక్కడే చేసుకుంటున్నారట. చిత్తూరు కార్యాలయం మనిషి పుస్తకం చేత్తో పట్టుకునే వచ్చి, వాడకంలో లేని చర్చి కాబట్టి లీజుకిచ్చేశాం, మీరు పాకాల చర్చిలో కలిసిపోండి అని చెప్పి తాళం వేసి పోయాడట. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఊళ్లోవాళ్లు ఊడ్చుకుంటూ కాపాడుకుంటూ వచ్చిన గుడిని ఫోజులిచ్చుకోవడానికి ఇచ్చేశారు.

"మనమే గదప్పా ఖాళీ జేసి ఇచ్చింది," అన్నాడు దేవదానం. మనిషి సగమైపోయాడు.

సుందరమ్మ మాత్రం కోపంతో ఊగిపోతోంది. సమాధుల వైపు చెయ్యి చూపించింది. "మా అత్తనీ, నా మొగుణ్నీ ఈడనే పూడ్చినాము. వాళ్లను గూడా తవ్వుకోని పాకాలకు తీసకపోవాల్నా? అడిగినావా ఆ మాట, నీ పుస్తకమాయన్ని?"

ఆ వారంలోనే ముగ్గురం చిత్తూరు వెళ్లాం. కార్యదర్శి మర్యాదస్తుడే. కుర్చీలు వేయించాడు, టీ ఇప్పించాడు. మా మాటలన్నీ విని, పుస్తకం తెరిచి మా ముందు పెట్టాడు.

"చూడండి. హైదరాబాదు నుంచి నిపుణులు వచ్చి రాసిన పుస్తకం. ఫొటో కూడా ఉంది. మీరు వాడుతున్నారంటే ఎలా నమ్మేది?"

"ఆ ఫొటో తీసింది నేనే సార్," అన్నాను. "ఆ పూట వీళ్లందరూ గుమ్మం బయటే ఉన్నారు." ఫోన్‌లో వేలం ఫొటోలు చూపించాను.

"ఇవి ఆరుబయట తీసినవి. ఏ ఊరివైనా కావచ్చు," అన్నాడు.

ఆ పుస్తకాన్ని సుందరమ్మ అప్పుడే మొదటిసారి చూస్తోంది. దగ్గరికి లాక్కుని, పేజీ మీదికి వంగి చాలాసేపు చూసింది. "ఈ నేల ఎందుకిట్లా మెరస్తా ఉండాది సామీ?" అని అడిగింది.

"ఎండ పడింది కదమ్మా."

"ఎండ కాదు, తడి. పండగని ఆ పొద్దు తెల్లారకముందే నేనూ మా కోడలూ బిందెలతో నీళ్లు మోసి కడిగినాము. ఇదో, ఈ మూల ఇంకా ఆరలేదు. పాడుబడిపోయిన గుడికి నీళ్లెవురు పోసినారు, గబ్బిలాలా?"

కార్యదర్శి పుస్తకం తన వైపు తిప్పుకుని చూశాడు. తడి స్పష్టంగా కనిపిస్తోంది. నా లెన్సుకు దొరికింది, నా కళ్లకు దొరకలేదు, అంత పెద్ద పుస్తకం వేసినాయనకూ దొరకలేదు. "పైవాళ్లకు రాస్తాను," అన్నాడు చివరికి. తాళం తీయిస్తాను అని మాత్రం అనలేదు.

పైవాళ్లు ఎప్పటికి చదువుతారో తెలియదు. నేను నాకు తెలిసిన దారి పట్టాను. తిరుపతి, చిత్తూరు ఫొటోగ్రాఫర్లందరినీ కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. మాలో మాకు రేట్ల దగ్గర కొట్లాటలే గాని ఐకమత్యం అంతంత మాత్రం. అయినా ఆ రోజు ఒక సీనియరు లేచి, "మన పెళ్లిళ్లకు చోటు కావాలని ఒకరి గుడికి తాళమేస్తారా? నేనైతే ఆడ కెమెరా బయటికి తీయను," అన్నాడు. తర్వాత ఒక్కొక్కరే అదే మాట అన్నారు. లొకేషన్ అడిగిన జంటలకు కారణం కూడా చెప్పారు. ఫొటోగ్రాఫరు రాని లొకేషన్‌ను ఎవరు కొంటారు? ఈవెంట్స్ కంపెనీ లీజు వదులుకుంది. ఇంకొన్నాళ్లకు ఆ కార్యాలయం నుంచి ఎవరో వచ్చి, క్షమించమని ఒక్క మాట కూడా అనకుండా, దేవదానం చేతిలో తాళంచెవి పెట్టి పోయారు. కప్పుకు అనుమతి ఇవ్వలేదు. దానికోసం ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నారు.

మరుసటి ఏడు కోత పండగకు నన్ను పిలిచారు. లోపల అందరూ కూర్చున్నాక, బలిపీఠం దగ్గర నిలబడి ఒకే ఒక ఫొటో తీశాను. చెరకు గడలు, ట్యూబులైట్లు, పుంజు, పిల్లలు, చివరి వరసలో నాయుడు, అందరూ ఉన్నారు. దాన్ని గ్రూపులో పెట్టాను. అది తిరిగి తిరిగి చక్రపాణి గారి దాకా పోయింది. పటం కట్టించి ఊళ్లో ఇవ్వడానికి వెళ్లిన రోజునే ఆయన ఫోన్ వచ్చింది. రెండో ముద్రణ వేస్తున్నారట. కాప్షన్ మారుస్తారట, ఈ ఫొటో కావాలట. ఇప్పుడు మనుషులున్న బొమ్మలనే జనం అడుగుతున్నారట.

"అది ఇచ్చే హక్కు నాది కాదు," అని ఫోను సుందరమ్మ చేతికిచ్చాను.

ఆమె అంతా విన్నది. "ఆదివారం రాండి సామీ," అంది నిదానంగా. "చెప్పులు బయట ఇడిసి, మాతోపాటు చాప మీద కూర్చోండి. పాటలు అయిపోయిందాకా కూర్చోండి. ఆ పైన ఫొటో సంగతి మాట్లాడుకుందాం."

ఆయన రాలేదు. పుస్తకం రెండో ముద్రణ వచ్చిందో లేదో నేను కనుక్కోలేదు.

ఖాళీ గదుల ఫొటోలు ఇప్పటికీ తీస్తున్నాను, అది నా వృత్తి. కానీ ఫైలు చేతికిచ్చే ముందు, దాని కింద ఏం రాయబోతున్నారో రాసి చూపించమంటాను. ఆ గది ఎవరిదో, వాళ్లు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో అడుగుతాను. నీకెందుకయ్యా అని విసుక్కుని పోయినవాళ్లు ఉన్నారు. పోనీ. వేరే ఎవరితోనైనా తీయించుకోమని చెప్పాను. ఎంత గొప్ప వెలుతురైనా సరే, దానికోసం ఒక మనిషిని తన గుడిలోంచి లేపి ఎండలో కూర్చోబెట్టే పని ఇక నా చేత కాదు.